మందుల షాపు తలుపు కొట్టని పంట: యాంటీబయాటిక్ లేకుండా వనామీ రొయ్యలు పెంచడం ఎలా

రొయ్యల చెరువులో యాంటీబయాటిక్ పడేది చాలాసార్లు తెల్లవారుజామునే. నలభై, నలభై ఐదు రోజుల పంట. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి తీస్తే మేత వేసింది వేసినట్టే ఉంటుంది. గట్టు వారన నాలుగు రొయ్యలు నీరసంగా తేలుతుంటాయి. సీడ్‌కు (రొయ్య పిల్లలకు), మేతకు, కరెంటుకు, లీజుకు పెట్టిన లక్షలు కళ్ల ముందు తిరుగుతాయి. పక్క చెరువు రైతు ఫోన్‌లో ధైర్యం చెప్తాడు: "టెన్షన్ పడకు బాబాయ్. షాపులో ఒక పొడి ఉంది. మేతలో కలిపి రెండు పూటలు కొట్టు, సర్దుకుంటాయి." ఆ పొడి పొట్లం మీద పేరుండదు. దానికి బిల్లూ ఉండదు.

ఆ గంటలో "వద్దు" అనడం చాలా కష్టం. అనగలిగిన రైతుకు ధైర్యం ఎక్కువని కాదు. చెరువు ఎండబెట్టిన రోజు నుంచీ ఆ గంట కోసం సిద్ధపడి ఉంటాడు, అంతే. కింద రాసిన పనులన్నీ ఆ తెల్లవారుజాము రాకుండా చూసుకోవడానికి. వచ్చినా చేతిలో పొట్లం కాకుండా ఇంకో దారి ఉండటానికి.

ఆ పొడి చెరువులో ఏం చేస్తుంది

మొదట ఒక చిన్న లెక్క. జబ్బు పడిన రొయ్య మేత ముట్టదు. మందు కలిపేదేమో మేతలో. అంటే మందు వెళ్లేది ఇంకా బాగానే ఉన్న రొయ్య పొట్టలోకి. అది తినగా మిగిలిన మేత నీళ్లలో నాని, మందు కరిగి, అడుగు బురదలోకి దిగుతుంది. కాపాడాలనుకున్న రొయ్యకు మందు అందలేదు, చెరువు మొత్తానికి మాత్రం పలచగా అందింది.

పలచటి మోతాదు అంటే బాక్టీరియాకు తర్ఫీదు ఇచ్చినట్టే. బలహీనమైనవి చస్తాయి, మందుకు తట్టుకునేవి మిగులుతాయి, వాటి సంతానమే చెరువంతా నిండుతుంది. అంతటితో ఆగదు. తట్టుకునే గుణం ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటే, ఒక బాక్టీరియా దాన్ని పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా అందించగలదు. చెరువు నీళ్లు కాలువలోకి, కాలువ నీళ్లు ఇంకో చెరువులోకి, అక్కడి బురద కూలీల చేతులకు. రొయ్యలకు వేసే మందులూ మనుషులకు రాసే మందులూ చాలావరకు ఒకే కుటుంబాలవి. మందుకు లొంగని ఇన్‌ఫెక్షన్ల వల్లే 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. అందులో ఆస్పత్రుల్లో, మందుల షాపుల్లో అడ్డగోలుగా వాడిన వాటి పాత్ర పెద్దదే. అలాగని పశువుల షెడ్డు, కోళ్ల ఫారం, రొయ్యల చెరువు తమకేం సంబంధం లేదనలేవు. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను కోళ్ల మేతలో కలుపుతున్నారని తెలిశాకే 2019లో కేంద్రం పశుపక్ష్యాదులకు దాన్ని నిషేధించింది.

ఇంకో సంగతి. పొట్టు మీద తెల్ల మచ్చలు వేసే వైట్ స్పాట్ జబ్బు వైరస్ వల్ల వస్తుంది. రొయ్యను ఎదగనివ్వని ఈహెచ్‌పీ జబ్బు, ఫంగస్‌కు దగ్గరి చుట్టమైన మైక్రోస్పోరిడియా వల్ల వస్తుంది. ఈ రెండింటి మీదా యాంటీబయాటిక్ పనిచేయదు. లూజ్ షెల్ (పొట్టు వదులవడం) కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఖనిజాల కొరతను, అడుగు పాడవడాన్ని. పేగు తెల్లబడే వైట్ గట్‌లో వైబ్రియో బాక్టీరియా పాత్ర ఉన్నా చాలాసార్లు దాని వెనక ఈహెచ్‌పీయో, ఎక్కువైన మేతో ఉంటుంది. రైతును వణికించే జబ్బుల్లో సగానికి ఆ పొడి మందే కాదు.

మొదటి పని: చెరువు ఎండబెట్టడం

తొందర పడేది ఇక్కడే. పాత పంట పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయిన పది రోజులకే నీళ్లు పెట్టేస్తే, పాత పంట జబ్బు కొత్త పంటకు వారసత్వంగా వస్తుంది. అడుగు పగుళ్లు తీసేదాకా ఎండాలి. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ల సుడికి చెరువు మధ్యలో చేరిన నల్లటి, కుళ్లిన గుడ్ల వాసన వేసే బురదను తీసేయాలి. దాన్ని గట్టు మీదే పోస్తే మొదటి వానకే మళ్లీ చెరువులోకి వస్తుంది, దూరంగా పోయించండి.

సున్నం అందాజాగా వేయొద్దు. మట్టి పీహెచ్ పరీక్ష చేయించి, దాన్ని బట్టి వేయాలి. పోయిన పంటలో ఈహెచ్‌పీ వచ్చి ఉంటే మాత్రం మామూలు సున్నం చాలదు. దాని బీజాలు మట్టిలో మొండిగా బతుకుతాయి. హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరానికి దాదాపు రెండున్నర టన్నుల కాల్చిన సున్నం వేసి, పది పన్నెండు సెంటీమీటర్ల లోతు దున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12 దాటేలా చేయడం దీనికి చెప్పే వైద్యం. ఖర్చు ఎక్కువే. ఈహెచ్‌పీతో ఎదగని పంటకు మూడు నెలలు మేత పోయడంతో పోల్చి చూసుకోండి. సున్నం జల్లే మనిషి కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు తప్పనిసరి.

నీళ్లు నేరుగా కాలువ నుంచి చెరువులోకి తోడొద్దు. 60 మెష్ (అంగుళానికి 60 కన్నులున్న) వలసంచిలో వడకట్టి, రిజర్వాయర్‌లో నిలబెట్టి, బ్లీచింగ్ వేయాలి. సాధారణంగా చెప్పే మోతాదు 60 పీపీఎం (పది లక్షల పాళ్లలో 60 పాళ్లు). మీటరు లోతు నీళ్లున్న ఎకరానికి సుమారు 240 కిలోలు. పీహెచ్ ఎక్కువగా ఉన్న నీళ్లలో బ్లీచింగ్ సరిగా పనిచేయదు కాబట్టి సున్నం, బ్లీచింగ్ ఒకే రోజు వేస్తే డబ్బులు నీళ్లలో పోసినట్టే. తర్వాత ఏరియేటర్లు తిప్పి, క్లోరిన్ పూర్తిగా పోయిందని కిట్‌తో చూసుకున్నాకే వాడాలి. రిజర్వాయర్‌కు స్థలం వదలడం చాలామందికి మనసొప్పదు, అరెకరం పంట పోతుందనిపిస్తుంది. కానీ జబ్బు వచ్చిన రోజు మార్చడానికి శుభ్రమైన నీళ్లు దొరికేది ఆ అరెకరంలోనే.

పీతలు రాకుండా కంచె, పక్షులకు పైన దారాలు. వైట్ స్పాట్ వైరస్‌ను పీతలు మోసుకొస్తాయి.

రెండో పని: సీడ్

వనామీ మన దేశానికి 2009లో అనుమతులతో వచ్చింది. తల్లి రొయ్యలు నిర్దిష్ట వ్యాధులు లేనివిగా దిగుమతై, చెన్నైలో క్వారంటైన్ దాటి, పిల్లలను పుట్టించే హేచరీలకు చేరతాయి. కానీ తల్లికి వ్యాధి లేదంటే పిల్లకు రాదని కాదు. హేచరీ నీళ్లలో, వాటికి పెట్టే ఆహారంలో ఏదైనా అంటుకోవచ్చు.

తీర ప్రాంత ఆక్వా సాగును చూసే ప్రభుత్వ సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీలో నమోదైన హేచరీ నుంచే కొనండి. వాళ్లిచ్చే పీసీఆర్ (జబ్బు క్రిమి జన్యువును పట్టే పరీక్ష) రిపోర్టును నమ్మి ఊరుకోకుండా, మీరు కొనబోయే ట్యాంకు నుంచే శాంపిల్ తీయించి వైట్ స్పాట్‌కు, ఈహెచ్‌పీకి మీరే పరీక్ష చేయించండి. అదే ల్యాబులో వైబ్రియోను పెంచి లెక్కపెట్టే ప్లేటు కూడా పెట్టమనండి. ప్లేటు మీద పచ్చ కాలనీలు (చాలాసార్లు హాని చేసే వైబ్రియో గుంపులు) ఎక్కువ తేలిన సీడ్‌ను వదిలేయడం మంచిది. హేచరీలో ఏ మందులు వాడారని మొహమాటం లేకుండా అడగండి. పిల్ల దశలో పడిన యాంటీబయాటిక్ మీ చెరువులోకి మొండి వైబ్రియోను మోసుకురాగలదు.

ఎంత సీడ్? చదరపు మీటరుకు 60 దాటకూడదన్నది అథారిటీ పెట్టిన గరిష్ఠ పరిమితి, ఎకరానికి దాదాపు 2.4 లక్షలు. దాన్ని లక్ష్యంగా తీసుకునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. మీ దగ్గర ఎన్ని ఏరియేటర్లున్నాయి, కరెంటు పోతే జనరేటర్ ఎంతసేపు లాగుతుంది అన్నదాన్ని బట్టి సీడ్ లెక్క వేసుకోవాలి. ఒక హార్స్ పవర్ (హెచ్‌పీ) ఏరియేటర్ సుమారు 400 నుంచి 500 కిలోల రొయ్యకు సరిపోతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. పట్టుబడి నాటికి చెరువులో ఎన్ని టన్నులుంటాయో ఊహించి వెనక్కి లెక్కపెడితే సీడ్ సంఖ్య అదే తేలుతుంది.

మూడో పని: మేత, అడుగు, తెల్లవారుజాము ఆక్సిజన్

చెరువులో జబ్బుకు పునాది చాలాసార్లు మేత బస్తాయే. మిగిలిన మేత కుళ్లి అమోనియా అవుతుంది, అడుగు నల్లబడుతుంది, వైబ్రియో పెరుగుతుంది, రొయ్య నీరసపడుతుంది. అప్పుడు మందు గుర్తొస్తుంది. మేత తగ్గించడం గుర్తురాదు.

చెక్ ట్రే మీద నమ్మకం పెట్టుకోండి. మేత వేసిన రెండు గంటలకు ట్రే తీసి, మిగిలినదాన్ని బట్టి తర్వాతి పూట తగ్గించాలి. మబ్బు పట్టిన రోజు, వాన రోజు తగ్గించాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఎక్కువ రొయ్యలు ఒకేసారి పొట్టు విడుస్తాయి. ఆ రెండు మూడు రోజులు తినడం తగ్గుతుంది, ఖనిజాల అవసరం పెరుగుతుంది. ఇది పాత రైతులందరికీ తెలుసు. అయినా మేత కంపెనీ చార్టు గోడకు అంటించి ఉంటే చెయ్యి దాని వైపే పోతుంది. చార్టు చెరువును చూడలేదు.

రోజూ రెండుసార్లు, తెల్లవారక ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఒకసారి నీళ్లు చూసి పుస్తకంలో రాయండి. తెల్లవారుజామున ఆక్సిజన్ 4 పీపీఎం కంటే దిగొద్దు. పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉండి, పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా 0.5 లోపే ఉండాలి. పీహెచ్ పెరిగితే అదే అమోనియా ఎక్కువ విషమవుతుంది, అందుకే రెండూ కలిపి చూడాలి. వారానికి ఒకసారి ల్యాబులో వైబ్రియో కౌంట్ చేయించండి. పచ్చ కాలనీలు వారం వారం పెరుగుతుంటే, చెక్ ట్రేలో మేత మిగలడం మొదలుకాకముందే చెరువు మీకు కబురు పంపుతోందన్నమాట.

ప్రోబయోటిక్ (చెరువులో వేసే మంచి బాక్టీరియా) విషయంలో ఒక హెచ్చరిక. బెల్లం, తవుడు, ప్రోబయోటిక్ పొడి డ్రమ్ములో కలిపి పులియబెట్టడం మంచి పద్ధతే. కానీ డ్రమ్ము కడగకుండా, చెరువు నీళ్లే పోసి పులియబెడితే అందులో పెరిగేది మీరు కొన్న మంచి బాక్టీరియా బాసిల్లసో, చెరువులోని వైబ్రియోనో ఎవరికీ తెలియదు. కడిగిన డ్రమ్ము, శుభ్రమైన నీళ్లు, మూత. ఇక ప్రోబయోటిక్ ఒక చేత్తో, యాంటీబయాటిక్ ఇంకో చేత్తో వేయడం నేను కళ్లారా చూశాను. డబ్బు పెట్టి కొన్న మంచి బాక్టీరియాను డబ్బు పెట్టి కొన్న మందుతో చంపడం.

నాలుగో పని: గోడౌన్‌లోకి ఏం వస్తోందో చూడటం

తెలిసి యాంటీబయాటిక్ వేసే రైతుల కంటే తెలియకుండా వేసేవాళ్ల కథలే బాధగా ఉంటాయి. "గట్ క్లీనర్", "గ్రోత్ బూస్టర్", "ఇమ్యూనిటీ పౌడర్" అన్న పేర్లతో వచ్చే కొన్ని ప్యాకెట్లలో ఏం కలిసిందో లేబుల్ చెప్పదు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ యాంటీబయాటిక్ లేదని ధ్రువీకరించిన ఉత్పత్తులకు నమోదు సంఖ్య ఇస్తుంది. అది ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి. బ్యాచ్ నంబరు లేనిదీ, బిల్లు ఇవ్వనిదీ, విడిగా పొట్లం కట్టి ఇచ్చేదీ తీసుకోవద్దు. కొన్న ప్రతి ప్యాకెట్ నుంచి గుప్పెడు తీసి, కవరులో కట్టి, తేదీ రాసి, పట్టుబడి డబ్బులు చేతికొచ్చేదాకా దాచండి. రేపు పరీక్షలో ఏదైనా తేలితే, ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించడానికి మీ దగ్గరున్న ఆధారం అదొక్కటే.

పేర్లు కూడా గుర్తుండాలి. క్లోరాంఫెనికాల్, ఫ్యూరాజోలిడోన్, నైట్రోఫ్యూరజోన్, ఫ్యూరాల్టాడోన్. ఇవి రొయ్యల్లో పూర్తిగా నిషేధం. క్లోరాంఫెనికాల్ కొందరిలో ఎముక మూలుగను దెబ్బతీసి ప్రాణం మీదకు తెస్తుంది. ఇంత మోతాదు అయితే ఫర్వాలేదని చెప్పగలిగే హద్దే దొరకలేదు కాబట్టి ఆహారంలో దాన్ని సహించరు. ఆహారానికి పెంచే జంతువులకు వాడే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల తయారీని, అమ్మకాన్ని 2025లో దేశంలోనే నిషేధించారు.

షాపు అప్పు గురించి కూడా చెప్పాలి. మేత అరువిచ్చేది, మందులు అమ్మేది, కొన్నిచోట్ల రొయ్య కొనేది కూడా ఒకే మనిషి. అతను "ఇది వేయండి" అన్నప్పుడు కాదనడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. ఉచితంగా చెరువు చూసి వెళ్లే టెక్నీషియన్‌కు జీతం వచ్చేది సరుకు అమ్మితేనే. కనీసం నీళ్ల పరీక్షల ల్యాబైనా మందులు అమ్మని చోట పెట్టుకోండి.

ఇంకో మూల ఎవరూ చూడనిది: కూలీల చేతులు. రొయ్య ముల్లు గుచ్చుకుంటే పసుపు రంగు ఆయింట్‌మెంట్ రాసుకుని పనిలోకి దిగడం మామూలే. పుండ్లకు రాసే అలాంటి కొన్ని ఆయింట్‌మెంట్లలో నైట్రోఫ్యూరజోన్, కళ్లకు వేసుకునే కొన్ని మందుల్లో క్లోరాంఫెనికాల్ ఉంటాయి. ఆ చెయ్యి మేతలోనో, పట్టిన రొయ్యలోనో పడితే చాలు. గోడౌన్‌లో ఫస్ట్ ఎయిడ్ డబ్బా మీరే పెట్టి, అందులో ఏముందో మీరే చూసుకోండి. కోళ్ల ఎరువు చెరువులో వేసే అలవాటుంటే మానేయండి, కోళ్లకు పెట్టిన మందులు దాంతోపాటే వస్తాయి.

ఆ తెల్లవారుజాము వస్తే

మొదటి గంటలో మేత ఆపేయండి. ఆక్సిజన్ చూడండి, ఉన్న ఏరియేటర్లన్నీ తిప్పండి. చాలా మరణాలు జబ్బులా కనిపించి ఆక్సిజన్ లోపంగా తేలతాయి. వల వేసి బతికున్న రొయ్యలను చేతిలోకి తీసుకుని చూడండి: తలపొట్టు మీద తెల్ల మచ్చలా, పేగు ఖాళీయా, తెల్లగా ఉందా, మొప్పలు నల్లబడ్డాయా, పొట్టు మెత్తగా ఉందా. చనిపోయినవి కాకుండా నీరసంగా ఉన్న బతికిన రొయ్యలనే ఆ పొద్దుటే ల్యాబుకు పంపండి, పీసీఆర్‌కు, వైబ్రియో ప్లేటుకు.

వైట్ స్పాట్ అని తేలితే నీళ్లు బయటికి వదలొద్దు. చుక్క కూడా. అమ్మే సైజు ఉంటే వెంటనే పట్టుబడి. లేకపోతే చెరువులోనే బ్లీచింగ్ వేసి నీళ్లను నిలబెట్టాలి. పక్క రైతులకు చెప్పండి, మత్స్యశాఖకు చెప్పండి. దాచిపెడితే రేపు వాళ్ల చెరువు నుంచి మళ్లీ మీకే వస్తుంది.

ఈహెచ్‌పీ అయితే రొయ్యలు ఒక్కసారిగా పోవు, ఎదగవు, సైజులు తేడాగా ఉంటాయి. మేత తగ్గించి, వారం వారం బరువు చూసి, మేత ఖర్చు ఎదుగుదలను దాటిన వారమే పట్టేయడం మంచిది. "ఇంకో పదిరోజులు చూద్దాం" అన్నమాట ఈ జబ్బులో చాలా ఖరీదు.

వైబ్రియో అయితే ఒకటి రెండు రోజులు మేత పూర్తిగా ఆపి, తర్వాత సగంతో మొదలుపెట్టండి. మధ్యలో చేరిన బురదను తోడించండి. రిజర్వాయర్ నీళ్లు కొంచెం కొంచెంగా మార్చండి. అడుగుకు ప్రోబయోటిక్. శానిటైజర్లు గుడ్డిగా వేస్తే నీళ్ల పచ్చదనం చచ్చి ఆక్సిజన్ పడిపోతుంది, జాగ్రత్త. అయినా రోజురోజుకూ మరణాలు పెరుగుతుంటే వంద కౌంట్‌లోనైనా (కిలోకు వంద రొయ్యలు తూగే సైజు) పట్టేయండి. యాభై కౌంట్ కోసం ఆశపడి మందు వేస్తే, ఆ యాభై కౌంట్ తీసుకునేవాడు ఉండకపోవచ్చు.

మందు ఇప్పటికే పడిపోయి ఉంటే

"ఇరవై రోజులు ఆగితే కడిగేసుకుపోతుంది" అన్నది షాపు మాట. నైట్రోఫ్యూరాన్ల విషయంలో అది అసలు నిజం కాదు. మందు త్వరగానే విరిగిపోతుంది. కానీ దాని ముక్కలు కండలోని ప్రొటీన్‌కు అతుక్కుని వారాలకొద్దీ ఉంటాయి. పరీక్షలో వెతికేది ఆ ముక్కలనే. వండినా అవి పోవు.

2022 నవంబరు నుంచి యూరప్‌లో క్లోరాంఫెనికాల్‌కు కిలోకు 0.15 మైక్రోగ్రాము, నైట్రోఫ్యూరాన్ ముక్కలకు 0.5 మైక్రోగ్రాము దాటితే సరుకు మీద చర్య తీసుకుంటారు. అంటే వెయ్యి టన్నుల రొయ్యలో 0.15 గ్రాము క్లోరాంఫెనికాల్. మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో యూరప్ తనిఖీ చేసేవాటిని 10 శాతం నుంచి 50 శాతానికి 2016లోనే పెంచారు.

అందుకే దాచకుండా కొనేవాళ్లకు ముందే చెప్పి, పరీక్ష చేయించి, ఆ చెరువు సరుకును వేరే చెరువు సరుకుతో కలపకుండా ఉంచాలి. ఎగుమతికి పోనిది ఊళ్లో అమ్మేద్దామన్న ఆలోచన ఒకటి ఉంటుంది. యూరప్ వాడు వద్దన్న రొయ్య భీమవరం బజారులో పిల్లల కంచంలోకి వస్తే అది మంచిదైపోతుందా? మన ఆహార భద్రతా చట్టం ప్రకారం కూడా ఆ మందులు నిషేధమే.

పట్టుబడి

పట్టుబడికి వారం ముందు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) వారి ఎలైజా ల్యాబులో, అంటే మందు ఆనవాళ్లు వెతికే ల్యాబులో, పరీక్ష చేయించండి. చెరువు నాలుగు మూలల నుంచీ, మధ్య నుంచీ శాంపిల్ తీయాలి, ఒక్క చోటి నుంచి కాదు. నైట్రోఫ్యూరజోన్ గుర్తుగా వెతికే సెమికార్బజైడ్ రొయ్య పొట్టులో సహజంగానే ఉండే అవకాశం ఉంది. పొట్టు తీసిన కండలో చూశారా అని ల్యాబును అడగండి. మందు ముట్టని రైతు కూడా ఈ చిక్కులో పడొచ్చు.

పట్టే రోజు మంచి నీళ్లతో చేసిన ఐస్, రొయ్యకు సమానంగా. పట్టాక నేల మీద పోయకుండా కడిగిన క్రేట్లలోకి. చేతికి గాయమున్న మనిషిని ఆ రోజు వేరే పనికి పంపండి.

ఖాళీ చేసే నీళ్లను నేరుగా డ్రెయిన్‌లోకి వదలకుండా శుద్ధి చెరువులో నిలబెట్టి, బురద కిందికి దిగాక వదలండి. మీరు వదిలిన నీళ్లే అరకిలోమీటరు కింద ఇంకొకరి మోటారు తోడుకుంటుంది. ఆ సాయంత్రం పుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: ఏ హేచరీ సీడ్, ఎంత మేత పడింది, ఏ రోజు వైబ్రియో పెరిగింది, అప్పుడు మీరేం చేశారు. తర్వాత ఏరియేటర్లు విప్పి కడిగి, చెరువును ఎండకు వదిలేయండి.